పసి మనస్సులు – పెద్దల పంతములు

'జీసస్ క్యాంప్' అను డాక్యుమెంటరీ చిత్రము 2006వ సంవత్సరములో అమెరికాలో విడుదలైనది. హైడీ యూయింగ్, రేచల్ గ్రేడీ అను ఇద్దరు మహిళలు దీనిని తీసినారు. నిడివి గంటన్నరకు మించదు. మరుసటి సంవత్సరము ఆస్కార్ పోటీలో ఉత్తమ డాక్యుమెంటరీల తుది జాబితాలో నిలిచినది గాని బహుమతి దక్కలేదు. చిత్రము పాతదే. అయినను మన కళాశాల పత్రికలో దీనిని గూర్చి వ్రాయుటకు ఒక కారణము కలదు. ఆ కారణము చిత్రములోనే, మనవంటి వారి పిల్లలను గూర్చి పలికిన ఒక మాటలో ఉన్నది. ముందు కథ చెప్పి, తరువాత ఆ మాటకు వచ్చెదము.

నార్త్ డకోటా రాష్ట్రములో డెవిల్స్ లేక్ అను ఊరు కలదు. మన భాషలో చెప్పవలెనన్న 'సైతాను చెరువు'. పేరు అట్టిదైనను, పెంతెకోస్తు బోధకురాలు బెకీ ఫిషర్ వేసవిలో పిల్లల ప్రార్థన శిబిరమును నడిపినది ఆ ఊరిలోనే. చిత్రములో మనము దగ్గరగా చూచు పిల్లలు తొమ్మిది మొదలు పండ్రెండేండ్ల వారు. బడికి పోక ఇంటివద్దనే తల్లిదండ్రుల బోధనలో చదువుకొనువారు వారిలో కలరు. ఒక ఇంట తల్లి తన కుమారునికి పరిణామవాదము తప్పనియు, భూమి వేడెక్కుట అంత పట్టించుకొనదగిన విషయము కాదనియు పుస్తకము ముందుంచుకొని నేర్పుచుండును. శిబిరములో పిల్లలు చేతులెత్తి వెక్కి వెక్కి ఏడ్చెదరు, అన్యభాషలలో ప్రార్థించెదరు. చెడిన ప్రభుత్వమునకు గుర్తుగా నిలిపిన పింగాణీ కప్పులను సుత్తితో పగులగొట్టెదరు. గర్భస్థ శిశువుల చిన్న ప్లాస్టిక్ బొమ్మలను అరచేతిలో పెట్టుకొని గర్భస్రావ చట్టములకు వ్యతిరేకముగా మొర పెట్టెదరు. నాటి అధ్యక్షుడు జార్జి బుష్ నిలువెత్తు అట్టబొమ్మను ముందు నిలిపి, దానివైపు చేతులు చాచి ప్రార్థించెదరు. హారీ పాటర్ కథలను గూర్చి ఘోరమైన హెచ్చరికయు వేదికమీదినుండి వినిపించును. కడపట కొందరు పిల్లలు వాషింగ్టనులో సుప్రీంకోర్టు ముందు నోటికి పట్టీ అంటించుకొని నిలుచుందురు.

ఆ పిల్లల పేర్లు చిత్రములో ఉన్నవి. మేమిక్కడ వ్రాయము. వారిప్పుడు పెద్దవారైనారు, పదేండ్ల వయస్సున పెద్దల మధ్య పలికిన పలుకులను జీవితాంతము మోయవలసిన పని వారికి లేదు.

వారి కన్నీరు బూటకమని మాకు తోచలేదు. ఒక బాలుడు తాను ఐదేండ్ల వయస్సుననే రక్షణ పొందితినని చెప్పును. వాని ముఖములో కపటము లేదు. మాకు అన్నిటికంటె గుర్తుండిపోయినది మరియొక బాలుని మాట. దేవుడు కంటికి కనపడడు గనుక నమ్ముట కష్టముగా ఉన్నదనియు, ఒక్కొక్కప్పుడు గ్రంథములోని మాటలు కూడ నమ్మలేకపోవుచున్నాననియు, అందువలన తానొక నటకుడనని సిగ్గుపడుచున్నాననియు అందరి ఎదుట చెప్పినాడు. ప్రపంచములోని ప్రతి మతమునను ప్రతి పిల్లవానికి ఏదో ఒకనాడు కలుగు సందేహమే అది. గొప్ప గొప్ప వేదాంతులకును, సూఫీలకును కలిగినదే. కాని ఆ శిబిరములో ఆ సందేహము ప్రశ్నగా బయటికి రాలేదు, నేరాంగీకారముగా వచ్చినది. చిత్రమంతయు మరచినను ఈ ఒక్క ఘట్టమును మరువరాదని మా అభిప్రాయము.

ఇక ముందు చెప్పిన ఆ మాట. ఇంత చిన్న పిల్లలకు ఇంత ఉద్రేకము ఎందుకను ప్రశ్నకు ఫిషర్ సమాధానము ఇది: శత్రువులు తమ దృష్టి అంతయు పిల్లలమీదనే నిలుపుచున్నారు, పాలస్తీనాలో, పాకిస్తానులో ఇస్లాము కొరకు పిల్లలను చిన్ననాటినుండి సిద్ధము చేయుచున్నారు, చేతులకు ఆయుధములిచ్చుచున్నారు, కావున మన పిల్లలును క్రీస్తు కొరకు అంతటి పట్టుదల గలవారు కావలెను.

ఈ మాట విన్నవారిలో మన ఊళ్ళవారికి కోపము కలుగుట సహజము. కరీంనగర్‌లోనో, ఆదిలాబాద్‌లోనో ఉదయము టోపీ పెట్టుకొని, కాయిదా చంకన పెట్టుకొని మక్తబుకు పోవు పిల్లవానికి ఆయుధముల ఊసే తెలియదు. వానికి తెలిసినది అలిఫ్, బే, తే. తరువాత ఇంటికి పోయి తిను రొట్టె. ఇంతవరకు నిజమే. కాని కోపము తీరిన పిమ్మట ఆలోచింపవలసిన సంగతి వేరొకటి ఉన్నది. ఆమె తన పిల్లల శక్తిని గాని, నిద్రను గాని, భయమును గాని కొలమానముగా తీసికొనలేదు. పొరుగువాని పిల్లవానిని కొలమానముగా తీసికొన్నారు. ఆ పొరుగు పిల్లవానిని ఆమె చూచినది కూడ లేదు, ఊహించుకొన్నారు. ఇదే చిత్రమును మన ప్రాంతములో ఒకరికి చూపిన, 'చూచితిరా, వారు తమ పిల్లలను ఎట్లు తయారు చేయుచున్నారో! మనము వెనుకబడినాము' అని అనువారు దొరకరా? మక్తబును చూపి, గురుకులమును చూపి, చర్చిని చూపి ఇట్లే మాటలాడువారు ప్రతి మతములోను కలరు. ప్రతి పక్షమునకు రెండవ పక్షపు పిల్లవాడే సాకు. ఈ పందెములో పరుగెత్తునది మాత్రము పెద్దలు కారు.

చిత్రము తీసినవారికి కూడ ఇందులో కొంత భాగము కలదని చెప్పక తప్పదు. పిల్లల ఏడ్పును కెమెరా అంత దగ్గరగా చూపుటయు వారిని వాడుకొనుటయే గదా! విచిత్రమేమన, ఫిషర్‌కు ఈ చిత్రము అన్యాయముగా తోచలేదు. తమ పనిని ఉన్నదున్నట్లు చూపినదనియే భావించినారు. అదే చిత్రమును చూచి వారి విమర్శకులు హడలిపోయినారు. విడుదలైన కొలది నెలలకే, 2006 నవంబరులో, నిందలు పెరిగి శిబిర స్థలమునకు నష్టము కూడ జరుగుటచే, శిబిరమును నిలిపివేయుచున్నట్లు ఆమె ప్రకటించినారు.

అమెరికాలో ఇది తొలి ఉదంతము కాదు. 1944లో పుట్టిన మార్జో గోర్ట్‌నర్ అను బాలునికి నాలుగేండ్లు నిండగనే బోధకుని పట్టము కట్టినారు. మేరీ, జోసెఫ్ పేర్లు కలిపి అతనికి ఆ పేరు పెట్టినారు. ఆ వయస్సుననే అతడు ఒక వివాహము జరిపించినాడు. పత్రికలన్నియు ఫొటోలు వేసినవి. ప్రసంగములు తప్పులేకుండ అప్పజెప్పుటకు తల్లి తన తలను నీటి కుళాయి క్రింద పెట్టుటయో, ముఖముపై దిండు అదుముటయో చేసెడిదని అతడే పెద్దయైన తరువాత చెప్పినాడు. కొట్టిన దెబ్బలు ఫొటోలలో కనిపించును గనుక ఆ పద్ధతి! యౌవనములో నమ్మకము లేకుండగనే బోధించుచు, కడకు ఆ సంగతిని తానే బయటపెట్టుచు 1972లో ఒక డాక్యుమెంటరీలో పాల్గొన్నాడు. 'మార్జో' అను ఆ చిత్రమునకు ఆస్కార్ బహుమతి వచ్చినది.

మన ప్రాంతపు క్రైస్తవ చరిత్ర ఇందుకు భిన్నమైనది. దానిని ఈ చిత్రముల గాటన కట్టుట అన్యాయము. నిజాము పాలనలో వెస్లియన్ మిషనరీలు మెదక్, కరీంనగర్ ప్రాంతములకు వచ్చి బడులు, వైద్యశాలలు పెట్టినారు. పాస్నెట్ దొర కట్టించిన మెదక్ చర్చి 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠింపబడినది. 1947లో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినది. కరీంనగర్ డయాసిస్ 1978లో వేరుపడినది. రాజభాష ఉర్దూగా ఉన్న ఆ కాలములో, ఊరి బడి గడప త్రొక్కనీయని కులముల పిల్లలకు తెలుగు అక్షరము చూపినది చాలచోట్ల ఈ బడులే. ఆ పిల్లలకు మతముతో పాటు పలక వచ్చినది. అది చిన్న సంగతి కాదు.

నేడును వేసవి సెలవులలో మన ఊళ్ళ చర్చీలలో వి.బి.ఎస్. జరుగును. పాటలు, బొమ్మలు, ఆటలు, కంఠత వాక్యములు, చివరినాడు బహుమతులు. దీనికి కూడ పుట్టినిల్లు అమెరికాయే. 1898లో న్యూయార్కులో ఒక వైద్యుని భార్య వీధి పిల్లల కొరకు ఇట్టి బడి పెట్టవలెనని తలచి, వేరొక చోటు దొరకక ఒక బీరు హాలును అద్దెకు తీసికొన్నదట! వి.బి.ఎస్.కును డెవిల్స్ లేక్ శిబిరమునకును పేరులో పోలిక ఉండవచ్చును. చివరినాడు పిల్లవాడు నవ్వుచు ఇంటికి పోయిన అది పండుగ. తాను నశించితినని వణకుచు పోయిన అది వేరు.

మన ఇండ్లలో బిడ్డకు నాలుగేండ్ల నాలుగు నెలల నాలుగు దినములు నిండగనే బిస్మిల్లా చేయించెదరు. హిందువుల ఇండ్లలో పళ్ళెములో బియ్యము పోసి అక్షరాభ్యాసము చేయించెదరు. కేస్లాపూర్ నాగోబా జాతరకు మెస్రం వంశపువారు గోదావరి జలమునకై నడచిపోవునప్పుడు ఆ నడకయే గోండు పిల్లలకు పాఠము. పీరీల పండుగలో అలావు గుండము చుట్టు ఆడు పిల్లలలో ఎవరు ఏ మతమువారో చెప్పుట కష్టము. ఏ మతములోను పుట్టని బిడ్డ లేడు. తల్లిదండ్రులు తమకు ప్రియమైన దానిని బిడ్డకు ఈయరాదనుట అవివేకము.

అట్లని మన ఇండ్లలో భయము లేదనుట కూడ అబద్ధమే. 'తప్పు, లెంపలేసుకో, కండ్లు పోతయి' అను మాట విననివారు తెలంగాణలో ఎవరు? దోజఖు మంటలను కండ్లకు కట్టినట్లు వర్ణించి ఏడేండ్ల పిల్లకు నిద్ర లేకుండ చేయు ఉస్తాదులును కలరు. ఆదివారపు బడిలో నరకాగ్నియు అట్టిదే. ఇవన్నియు ప్రేమతోనే చెప్పుచున్నామనుకొందురు. దిండు అదిమిన తల్లి కూడ అట్లే అనుకొనియుండును.

ఇక చట్టము సంగతి. మన రాజ్యాంగపు 28వ అధికరణము ప్రకారము, ప్రభుత్వ గుర్తింపు గాని ధనసహాయము గాని గల విద్యాసంస్థలో విద్యార్థిని సమ్మతి లేనిదే మతబోధలో పాల్గొనుమని నిర్బంధింపరాదు. మైనరు అయినచో సమ్మతి ఈయవలసినది సంరక్షకుడు. పిల్లవానిని అడుగవలెనని అందులో లేదు. 1985లో కేరళలో ఒక బడిలో జాతీయగీతము పాడక, లేచి మౌనముగా నిలిచిన ముగ్గురు యెహోవాసాక్షుల పిల్లలను తొలగించినారు. 1986 ఆగస్టు 11న సుప్రీంకోర్టు వారిని తిరిగి చేర్చుకొనుమన్నది. ఆ తీర్పు వ్రాసినవారు, పూర్వము ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తిగా పనిచేసిన జస్టిస్ ఒ. చిన్నపరెడ్డి. పిల్లల మనస్సాక్షికి బడి ఎదుట రక్షణ కలదని ఆ తీర్పు చాటినది. ఇంటి ఎదుటనో? 1972లో అమెరికా సుప్రీంకోర్టు ఆమిష్ తెగవారు తమ పిల్లలను ఎనిమిదవ తరగతితో బడి మాన్పించుటను సమర్థించినప్పుడు, జస్టిస్ డగ్లస్ ఒక్కరు పిల్లల అభిప్రాయమును కూడ అడుగవలెనని వేరుగా వ్రాసినారు. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలోని 14వ అధికరణము మనస్సాక్షి స్వేచ్ఛ బిడ్డకును కలదనియు, తల్లిదండ్రులు వాని ఎదుగుదలను బట్టి దారి చూపవలెననియు చెప్పినది. భారతదేశము 1992లో దానిని ఆమోదించినది. అమెరికా సంతకము చేసినను నేటికిని ధ్రువీకరింపలేదు.

మన కమిటీ పెద్దలు ఆలోచింపవలసిన అంశమొకటి ఇక్కడ కలదు. 2009 నాటి విద్యాహక్కు చట్టములోని 17వ సెక్షను పిల్లలను కొట్టుటను, మానసికముగా వేధించుటను నిషేధించుచున్నది. కాని 2012 సవరణచే మదరసాలు, వేదపాఠశాలలు, ముఖ్యముగా మతబోధ చేయు సంస్థలు ఆ చట్టమునకు వెలుపల ఉంచబడినవి. అల్పసంఖ్యాకుల స్వాతంత్ర్యమును కాపాడుటకు చేసిన ఏర్పాటది. దానిని మేము కాదనము. అయితే చట్టము గడప బయట నిలిచిన చోట, లోపలి పిల్లవాని బాధ్యత ఎవరిది? బాలల న్యాయ చట్టములోని క్రూరత్వ నిషేధము అక్కడకును వర్తించును గాని, అది కేసు పెట్టునంతటి దెబ్బ తగిలిన పిమ్మటి మాట. భయపడి పక్క తడుపుకొన్న పిల్లవానికి ఏ కేసును లేదు.

మన విద్యార్థులలో సాయంకాలము మక్తబులలో, ఆదివారపు బడులలో, ట్యూషన్లలో చిన్న పిల్లలకు చెప్పువారు కొందరు కలరు. ఏదో ఒకనాడు వారి ముందు ఒక పిల్లవాడు లేచి, 'అన్నా, అల్లా కనపడడు గదా, ఎట్ల నమ్మాలె?' అని అడుగును. డెవిల్స్ లేక్‌లో సిగ్గుతో తలవంచుకొని ఒప్పుకొనిన మాటయే అది. ఇక్కడ ఆ పిల్లవాడు దానిని తలయెత్తి అడిగినాడన్నమాట. సమాధానము తెలియకున్న, 'రేపు అడిగి చెప్పెద, కూర్చో' అనవచ్చును. ఆ పిల్లవాడు మరునాడు కూడ వచ్చును.