చిన్న వంటిల్లా? మడత కెటిల్, స్లిమ్ ఇండక్షన్ కొంటున్నారా.. ముందు గోడకున్న ప్లగ్ పాయింట్ చూడండి!

హైదరాబాద్‌లో అమీర్‌పేట, ఎస్‌ఆర్‌నగర్, దిల్‌సుఖ్‌నగర్ వైపు సింగిల్ రూమ్ అద్దెకు తీసుకుంటే వంటిల్లు అంటే ఓ మూలన నాలుగడుగుల గట్టు మాత్రమే. విశాఖ, విజయవాడలోనూ చిన్న పోర్షన్లది ఇదే పరిస్థితి. ఆ గట్టు మీదే స్టవ్, మిక్సీ, నీళ్ల క్యాన్, కూరగాయల బుట్ట అన్నీ సర్దుకోవాలి. ఇక చపాతీ ఒత్తుకోవడానికి చోటెక్కడ ఉంటుంది?

ఇలాంటి వాళ్ల కోసమే మార్కెట్‌లోకి మడతపెట్టి దాచుకునే వంట సామాన్లు వచ్చాయి. నొక్కితే సగమయ్యే కెటిల్, పుస్తకాల అరలో నిలబెట్టేసే ఇండక్షన్ స్టవ్, గోడకు వాలిపోయే బల్ల.. ఇలా చాలానే ఉన్నాయి. చూడ్డానికి బాగానే ఉంటాయి. అయితే వీటిలో ఏది నిజంగా పనికొస్తుంది? ఏది అటకెక్కుతుంది? కొనే ముందు ఏం చూడాలి? వివరంగా తెలుసుకుందాం.

ఇది కొత్త ఆలోచన కాదు

చోటు మిగిల్చే వంటగదికి దాదాపు వందేళ్ల చరిత్ర ఉంది. 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో కార్మికుల ఇళ్ల కోసం మార్గరెటె షూట్టె-లిహోట్స్కీ అనే మహిళా ఆర్కిటెక్ట్ ఓ చిన్న వంటగదిని డిజైన్ చేశారు. దాని కొలత సుమారు 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవు. అంతే. అందులోనే గోడకు మడిచిపెట్టే ఇస్త్రీ బల్ల, సరుకులకు విడివిడి డ్రాలు అమర్చారు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో దాదాపు 10 వేల ఇళ్లలో ఈ వంటగదిని కట్టారు. ఇప్పటి మాడ్యులర్ కిచెన్‌కు మూలం ఇదేనని చెబుతారు.

1963లో ఇటలీ డిజైనర్ జో కొలంబో మరో అడుగు ముందుకేశారు. చక్రాల మీద తిరిగే పెట్టెలాంటి మినీ కిచెన్ తయారుచేశారు. స్టవ్, చిన్న ఫ్రిజ్, సామాన్ల డ్రాలు అన్నీ అందులోనే. పనయ్యాక ఓ పక్కకు తోసేయడమే. ఇప్పుడు ఆన్‌లైన్‌లో కనిపిస్తున్న మడత సామాన్ల వెనకున్న ఆలోచన కూడా ఇదే. వాడేటప్పుడే బయట ఉండాలి, మిగతా సమయంలో కనిపించకూడదు.

స్లిమ్ ఇండక్షన్: చోటు పరంగా ఇదే ముందు

రెండు బర్నర్ల గ్యాస్ స్టవ్ గట్టు మీద రెండడుగులకు పైగా వెడల్పు తీసుకుంటుంది. సిలిండర్‌కు కింద వేరే చోటు కావాలి. సింగిల్ ఇండక్షన్ స్టవ్ అలా కాదు. అడుగున్నర లోపు పొడవు, కొన్ని సెంటీమీటర్ల మందం, అంతే. పనయ్యాక తుడిచి గోడ పక్కన నిలబెట్టొచ్చు.

ఇది పనిచేసే తీరు వేరు. లోపలి రాగి చుట్టలో వేగంగా మారే అయస్కాంత క్షేత్రం పుడుతుంది. దానివల్ల గిన్నె అడుగే వేడెక్కుతుంది. మధ్యలో మంట ఉండదు. అందుకే వేడి వృథా తక్కువ. కరెంటులో సుమారు 85 శాతం దాకా గిన్నెకే చేరుతుంది. గ్యాస్ మంటలో అయితే చాలా వేడి గిన్నె పక్కల నుంచి గాల్లోకి పోతుంది. ఒకే గదిలో వండుకుని అక్కడే పడుకునే వాళ్లకు ఎండాకాలంలో ఈ తేడా బాగా తెలుస్తుంది.

అయితే ఓ చిక్కుంది. అల్యూమినియం, రాగి, మట్టి పాత్రలు మామూలు ఇండక్షన్ మీద పనిచేయవు. ఇంట్లో ఉన్న గిన్నె పనికొస్తుందో లేదో తెలుసుకోవడం చాలా తేలిక. ఫ్రిజ్ మీద అంటించే అయస్కాంతాన్ని గిన్నె అడుగున పెట్టండి. గట్టిగా పట్టుకుంటే సరే. జారిపోతే ఆ గిన్నె పనికిరాదు. ఊరి నుంచి అమ్మ పంపిన అల్యూమినియం కుక్కర్, సత్తు గిన్నెలు పక్కన పెట్టాల్సి వస్తే కొత్త గిన్నెల ఖర్చు కూడా లెక్కలో వేసుకోవాలి.

ఏ గిన్నె అయినా పెట్టుకోవాలంటే ఇన్‌ఫ్రారెడ్ స్టవ్ ఉంది. కానీ ఇందులో గాజు పలకే ఎర్రగా కాలుతుంది. ఆపేసిన తర్వాత కూడా చాలాసేపు వేడిగానే ఉంటుంది. చిన్న గదిలో పాకే పిల్లలుంటే ఇది ప్రమాదమే. వెంటనే తీసి దాచడానికీ కుదరదు.

మడత కెటిల్: సిలికాన్‌దే అసలు కిటుకు

ఈ కెటిల్ పక్కలు సిలికాన్ రబ్బరుతో ఉంటాయి. అడుగు మాత్రం స్టీలు. పైనుంచి నొక్కితే అకార్డియన్‌లా ముడుచుకుని ఎత్తు సగానికి తగ్గిపోతుంది. బ్యాగులో, డ్రాలో పట్టేస్తుంది. ఎక్కువగా అర లీటరు నుంచి ముప్పావు లీటరు దాకా నీళ్లు పడతాయి.

ఇక్కడ చాలామంది గమనించని విషయం వాట్లు. మామూలు కెటిల్ 1500 వాట్లు ఉంటే, మడత కెటిళ్లు చాలావరకు 600 వాట్ల దగ్గరే ఉంటాయి. అంటే అర లీటరు నీళ్లు మరగడానికి నాలుగైదు నిమిషాలు పడుతుంది. ఒక్కరికి టీకి, ఓట్స్‌కి సరిపోతుంది. నలుగురున్న ఇంట్లో మాత్రం ఉదయం పూట విసుగొస్తుంది.

కొన్నాక మొదటి రెండు మూడు సార్లు నీళ్లు మరిగించి పారబోయాలి. కొత్త రబ్బరు వాసన పోతుంది. అందులో పాలు కాయడం, నూడుల్స్ ఉడికించడం వద్దు. మడతల్లో జిడ్డు, పిండి ఇరుక్కుంటే కడగడం కష్టం. నీళ్లు పూర్తిగా ఆరాకే మడవాలి. తడితో మడిచి మూత పెడితే వాసన, బూజు ఖాయం. బోరు నీళ్లు వాడే చోట అడుగున తెల్లటి పొర కడుతుంది. నెలకోసారి నిమ్మరసం కలిపిన నీళ్లు మరిగించి కడిగితే వదిలిపోతుంది.

అమెరికా వెళ్లే విద్యార్థులూ.. ఇది గుర్తుంచుకోండి

మన దగ్గర నుంచి అమెరికా వెళ్లే పిల్లల సూట్‌కేసులో కుక్కర్ పక్కన ఇప్పుడు మడత కెటిల్ కూడా చేరుతోంది. అయితే మన దగ్గర కరెంటు 230 వోల్టులు, అక్కడ 120. చాలా ట్రావెల్ కెటిళ్లకు అడుగున 110, 220 అని మార్చుకునే స్విచ్ ఉంటుంది. 220 మీదే వదిలేసి అక్కడ వాడితే నాలుగో వంతు శక్తి మాత్రమే వస్తుంది. నీళ్లు ఎంతకీ మరగవు. అసలు ప్రమాదం తిరిగి వచ్చినప్పుడే. 110 మీద ఉంచి మన ప్లగ్‌లో పెడితే కెటిల్ మాడిపోతుంది. మంటలు కూడా రావొచ్చు.

ఇక్కడి ఇండక్షన్ స్టవ్‌ను అక్కడికి మోసుకెళ్లడం దండగ. వోల్టేజీ కుదరదు. పైగా చాలా యూనివర్సిటీ హాస్టళ్లలో హాట్ ప్లేట్లకు అనుమతి ఉండదు. రూల్స్ చదివాకే సామాను సర్దుకోవడం మంచిది.

అసలు సంగతి ప్లగ్ పాయింట్‌లోనే ఉంది

మడత సామాను కొనే వాళ్లు కొలతలు చూస్తారు, రేటు చూస్తారు. గోడకున్న ప్లగ్‌ను మాత్రం చూడరు. అద్దె గదుల్లో జరిగే పొరపాటు ఇదే.

లెక్క తేలికే. వాట్లను 230తో భాగిస్తే ఎన్ని ఆంపియర్లో తెలుస్తుంది. 2000 వాట్ల ఇండక్షన్‌కు దాదాపు 8.7 ఆంపియర్లు కావాలి. ఫోన్ ఛార్జర్, ఫ్యాన్ పెట్టుకునే చిన్న ప్లగ్ 6 ఆంపియర్లది. అంటే గరిష్ఠంగా 1380 వాట్లే మోయగలదు. కాబట్టి ఇండక్షన్‌కు ఫ్రిజ్, గీజర్ వాడే పెద్ద రంధ్రాల 16 ఆంపియర్ల పాయింటే ఉండాలి. పిన్ను పట్టడం లేదని కన్వర్టర్ ప్లగ్ తగిలించి చిన్న పాయింట్‌లో పెడితే లోపల వైరు వేడెక్కి కరిగిపోతుంది. గోడలో జరిగేది పైకి కనిపించదు. వాసన వచ్చేసరికే ఆలస్యమైపోతుంది.

ఎక్స్‌టెన్షన్ బాక్సుల సంగతీ అంతే. మామూలు బాక్సులు ఎక్కువగా 6 ఆంపియర్లవే. ఒకే బాక్సుకు ఇండక్షన్, కెటిల్, రైస్ కుక్కర్ మూడూ తగిలించడం అంటే ప్రమాదాన్ని పిలిచినట్టే. 16 ఆంపియర్ల పాయింట్ మీద కూడా 2000 వాట్ల ఇండక్షన్, 1500 వాట్ల కెటిల్ కలిసి పనిచేస్తే 15 ఆంపియర్లు దాటిపోతుంది. అందుకే ఒకదాని తర్వాత ఒకటి వాడాలి. ప్లగ్ ముట్టుకుంటే కాలుతున్నా, నల్లబడినా ఆ పాయింట్ వాడకం వెంటనే ఆపేసి ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. ఎంసీబీ మాటిమాటికీ పడిపోతుంటే దాన్ని మార్చి పెద్దది బిగించమనడం తప్పు. అది పడిపోతోందంటే వైరును కాపాడుతోందని అర్థం.

అద్దెకు దిగేటప్పుడే వంటగట్టు దగ్గర పవర్ పాయింట్ ఉందా, ఎర్తింగ్ ఉందా అని ఓనర్‌ను అడగడం మేలు. తర్వాత వైరింగ్ వేయించమంటే ఎవరూ ఒప్పుకోరు.

కరెంటు బిల్లు ఎంత పెరుగుతుంది?

1000 వాట్ల సామాను గంట వాడితే ఒక యూనిట్. ఇండక్షన్‌ను 1200 వాట్ల మీద రోజూ గంట వాడితే 1.2 యూనిట్లు. నెలకు 36 యూనిట్లు. ఒక లీటరు నీళ్లు మరిగించడానికి పదో వంతు యూనిట్ దాకా ఖర్చవుతుంది. అయితే రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ శ్లాబుల విధానం ఉంది. ఇప్పటికే శ్లాబు అంచున ఉన్న ఇంటికి ఈ 36 యూనిట్లు కలిస్తే పై రేటు పడొచ్చు. కాబట్టి గత మూడు నెలల బిల్లులు ఓసారి తీసి చూసుకున్నాకే గ్యాస్ మానేయాలా వద్దా అన్నది తేల్చుకోవాలి.

మడత బల్ల మీద స్టవ్ పెట్టొచ్చా?

గోడకు బ్రాకెట్లతో బిగించే మడత బల్ల కూరగాయలు తరుక్కోవడానికి, చపాతీ ఒత్తుకోవడానికి బాగుంటుంది. మరుగుతున్న సాంబారు గిన్నెతో స్టవ్ పెట్టడానికి మాత్రం కాదు. లాక్ జారితే వేడి మొత్తం ఒంటి మీద పడుతుంది. వెట్ గ్రైండర్ కూడా వద్దు. దాని బరువుకు తోడు తిరిగేటప్పుడు వచ్చే అదురుకు మేకులు వదులవుతాయి. బల్ల బిగించేది ఇటుక గోడకా, పల్చటి పార్టిషన్ షీటుకా అన్నది కూడా చూసుకోవాలి.

ఇండక్షన్‌ను ఎక్కడ పెట్టినా కింద పేపరు, ప్లాస్టిక్ షీటు పరచకూడదు. అడుగున ఫ్యాన్ ఉంటుంది. అది గాలి పీల్చుకోవాలి. వంటయ్యాక ఫ్యాన్ ఆగేదాకా ప్లగ్ తీయొద్దు. గాజు పలక చల్లారాకే లోపల పెట్టాలి. గుండెకు పేస్‌మేకర్ ఉన్న వాళ్లు పనిచేస్తున్న ఇండక్షన్‌కు రెండడుగుల దూరంలో ఉండటం, డాక్టర్‌ను అడిగాకే వాడటం మంచిది.

గ్యాసే కావాలంటే..

మడత క్యాంపింగ్ స్టవ్‌లు, చిన్న గ్యాస్ డబ్బాలతో పనిచేసేవి ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. అవి ఆరుబయట వాడటానికి తయారైనవి. కిటికీ మూసిన గదిలో వాడితే కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది. దానికి రంగు, వాసన ఉండవు. తెలిసేలోపే స్పృహ తప్పుతుంది.

అనధికారంగా నింపి అమ్మే చిన్న సిలిండర్ల జోలికీ వెళ్లొద్దు. ఆయిల్ కంపెనీలే 5 కిలోల సిలిండర్లు అమ్ముతున్నాయి. ఇండియన్ ఆయిల్ దీన్ని ‘ఛోటూ’ పేరుతో ఇస్తోంది. అడ్రస్ ప్రూఫ్ అక్కర్లేదు, గుర్తింపు కార్డు చాలు. ఎల్‌పీజీ గాలి కంటే బరువైనది కాబట్టి లీకైతే నేల మీదే పేరుకుంటుంది. వాసన వస్తే స్విచ్‌లు ముట్టుకోకుండా తలుపులు, కిటికీలు తెరిచి, రెగ్యులేటర్ కట్టేసి, బయటికొచ్చి 1906కు ఫోన్ చేయాలి.

మరి ముందు ఏం కొనాలి?

ఒక్కరే ఉంటే స్లిమ్ ఇండక్షన్ ఒకటి, ఇండక్షన్ అడుగున్న చిన్న కుక్కర్ ఒకటి, పెనం ఒకటి చాలు. కుక్కర్‌లో పెట్టే మూడంతస్తుల గిన్నెలు తీసుకుంటే అన్నం, పప్పు, కూరముక్కలు ఒకేసారి ఉడికిపోతాయి. తర్వాత అదే స్టవ్ మీద పోపు పెట్టుకోవచ్చు. నిజానికి చిన్న వంటింట్లో ఇంతకు మించి చోటు, సమయం మిగిల్చే సామాను లేదు. పిడి ఊడదీసుకునే మూకుడు, ఒకదాంట్లో ఒకటి ఇమిడే గిన్నెలు దీనికి తోడైతే ఒక్క అరలో అన్నీ సర్దేయొచ్చు.

ఇద్దరు పిల్లలున్న కుటుంబమైతే గ్యాస్ స్టవ్‌ను ఉంచుకుని, ఇండక్షన్‌ను రెండో పొయ్యిగా వాడుకోవడం మేలు. కరెంటు పోయిన రోజు ఇబ్బంది ఉండదు. ప్రయాణాలు ఎక్కువ చేసే వాళ్లకే మడత కెటిల్. ఇంట్లోనే ఉండేవాళ్లకు స్టీలు కెటిల్ ఎక్కువ కాలం మన్నుతుంది.

ఏది కొన్నా పెట్టె మీద ఐఎస్ఐ మార్కు, దాని కింద లైసెన్స్ నంబర్ ఉన్నాయేమో చూడండి. ఆ నంబర్‌ను బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే అసలుదో, నకిలీదో తేలిపోతుంది. నీళ్లు అయిపోతే దానంతట అదే ఆగిపోయే ఏర్పాటు ఉందా, సర్వీస్ సెంటర్ మన ఊళ్లో ఉందా అన్నదీ కనుక్కోండి.

చివరగా ఒక మాట. మడతపెట్టి దాచే సామాను రోజూ తీయడానికి వీలుగా చేతికందే చోట ఉంటేనే వాడతారు. అటక మీదకు వెళ్లిందంటే మళ్లీ దిగదు. కాబట్టి డబ్బులు కట్టే ముందే అది ఎక్కడ పెడతారో, ఏ ప్లగ్‌కు తగిలిస్తారో టేపు పెట్టి కొలుచుకోండి. ఆ రెండూ కుదిరితేనే కొనండి.