రాళ్ల ఊరికి పేరు తెచ్చిన రూపాయి పొదుపు

ఓర్వకల్లు: కర్నూలు నుంచి నంద్యాలకు పోయే జాతీయ రహదారిపై, జిల్లా కేంద్రానికి సుమారు పాతిక కిలోమీటర్ల దూరంలో ఉన్న మండల కేంద్రం ఓర్వకల్లు. ఊరి పేరు చివర 'కల్లు' చూసి పరాయి జిల్లాలవారు నవ్వుకోవచ్చు. కన్నడంలో కల్లు అంటే రాయి. ఇక్కడ ఎటు చూసినా రాయే గనుక ఆ అర్థమే ఈ ఊరికి అతికినట్లు సరిపోతుంది.

పాతికేళ్ల క్రితం బస్సులో పోయేవారికి ఓర్వకల్లు అంటే టీ తాగడానికి దిగే ఒక స్టాపు, అంతే. నేడు విమానాశ్రయం ఓర్వకల్లుదే, రాతివనం ఓర్వకల్లుదే, పారిశ్రామికవాడ ఓర్వకల్లుదే. పేపర్లలో ఈ పేరు కనిపించని వారం లేదు. అయితే వీటన్నిటికంటే ముందు ఈ ఊరి పేరును జిల్లా దాటించి ఢిల్లీ దాకా మోసినవారు పెద్ద షావుకార్లు కారు, మిల్లు యజమానులు కారు. రోజుకొక రూపాయి చొప్పున దాచుకున్న కూలినాలి ఆడవారు.

నూటికి అయిదు రూపాయల కాలం

మెట్ట ప్రాంతం. ఏడాదికి ఆరేడు వందల మిల్లీమీటర్ల వాన పడితే పడినట్టు, లేకుంటే లేదు. జొన్న, కొర్ర, కంది, ఆముదం, పత్తి ఇవే ఇక్కడి సేద్యం. విత్తనాల వేళ చేతిలో డబ్బుండదు. ఆడపిల్ల పెళ్లికైనా, ఆసుపత్రికైనా, గొడ్డు చనిపోతే మరొకటి కొనడానికైనా వడ్డీ వ్యాపారి గడప తొక్కవలసిందే. నూటికి నెలకు మూడు, అవసరం గట్టిదైతే అయిదు రూపాయలు. కాలి కడియాలు, ముక్కుపుడక తాకట్టు పెట్టినవారు వాటిని మళ్లీ విడిపించుకోవడం అరుదు.

ఇంతలో నెల్లూరు జిల్లాలో ఒక కదలిక వచ్చింది. దూబగుంట రోశమ్మ మొదలైనవారు సారా అంగళ్ల మీదికి దండెత్తడం, ఆ ఉద్యమం రాష్ట్రమంతటా పాకడం, 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం సారాను నిషేధించడం పాతతరం వారికి గుర్తుండే ఉంటుంది. సారాకు పోయే డబ్బు ఇంట్లో మిగిలితే దాన్నేం చేయాలన్న ప్రశ్నకు పుట్టిన జవాబే పొదుపు సంఘం. పొదుపులక్ష్మి అన్న పేరు జనంలోకి వచ్చింది కూడా ఆ రోజుల్లోనే.

1990ల మధ్యలో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారు దక్షిణాసియా దేశాలలో పేదరిక నిర్మూలనకు ఒక పథకం చేపట్టి, మన రాష్ట్రంలో కర్నూలు, అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాలను ఎంచుకున్నారు. అందులో ఓర్వకల్లు మండలం ఒకటి. పథకం విదేశీయులదైనా డబ్బు పంచిపెట్టే పథకం కాదు. ముందు మీరు దాచుకోండి, తర్వాత మాట్లాడదాం అన్నారు. ఈ మాట వినగానే చాలామంది లేచి వెళ్లిపోవలసింది. ఓర్వకల్లు ఆడవారు కూర్చున్నారు.

లెక్క ఎంత తేలికో, నిలుపుకోవడం అంత కష్టం

సంఘం లెక్క పలకాబలపం చాలినంత చిన్నది. పదిహేనుమంది ఒక సంఘం. రోజుకు రూపాయి అంటే మనిషికి నెలకు ముప్పై, సంఘానికి నాలుగువందల యాభై. ఏడాది తిరిగేసరికి 5,400 రూపాయలు. ఆ డబ్బు పెట్టెలో మురగదు. అవసరమున్న సభ్యురాలికి నూటికి రెండు రూపాయల వడ్డీకి ఇస్తారు. వెయ్యి రూపాయలు పది నెలలు వాడుకుని ఒక్కసారే తీరిస్తే అయిదు రూపాయల వడ్డీ లెక్కన బయటివాడికి కట్టేది 500. సంఘంలో కట్టేది 200. అసలు కిటుకు అదీ కాదు. ఆ రెండు వందలు ఊరు దాటిపోవు, సంఘం మూలధనంలో కలిసి మరొక ఇల్లాలికి అప్పుగా అందుతాయి. తీసుకున్నదానిలో వడ్డీ కట్టేదీ తామే, వడ్డీ తినేదీ తామే.

తప్పక సమావేశం కావడం, పొదుపు కట్టడం, లోపల అప్పులిచ్చుకోవడం, వాయిదా ప్రకారం తీర్చడం, పుస్తకం సరిగా రాయడం. ఈ అయిదింటిని పంచసూత్రాలన్నారు. చదువురాని చోట అయిదవది పెద్ద చిక్కు. ఊళ్లో నాలుగక్షరాలు వచ్చిన కోడలినో కూతురినో కూర్చోబెట్టి రాయించేవారు. రాసింది పైకి చదివి వినిపించిన తర్వాతే వేలిముద్రలు. ఎవరు ఎంత బాకీ ఉన్నదీ అందరికీ తెలిసిపోవడం వల్ల, బ్యాంకు నోటీసుకు లేని భయం సంఘం నోటికి ఉండేది.

చిన్న సంఘాలు కలిసి గ్రామంలో ఒక ఐక్యసంఘం, ఆ గ్రామ సంఘాలన్నీ కలిసి ఓర్వకల్లు మండల పొదుపులక్ష్మి ఐక్యసంఘం. ఈ పెద్ద సంఘానికి గౌరవ సలహాదారుగా పేరుపొందిన విజయభారతి గారిని ఎరుగని ఇల్లు మండలంలో తక్కువ. స్వయం సహాయక సంఘాలకు బ్యాంకులు అప్పులివ్వవచ్చునని నాబార్డు 1992లోనే దేశంలో 500 సంఘాలతో ప్రయోగం మొదలుపెట్టింది. ఆ బాట ఉండబట్టి, అంతవరకు బ్యాంకు మెట్లెక్కని ఆడవారు మేనేజరు ఎదుటి కుర్చీలో కూర్చుని మాట్లాడే రోజు వచ్చింది. పిల్లనిచ్చేటప్పుడు అబ్బాయికి ఎన్ని ఎకరాలని అడిగే ఊళ్లో, అత్తగారు ఏ సంఘంలో ఉన్నారని కూడా అడగడం మొదలైంది. అడిగినవారు తెలివైనవారే!

డబ్బు తర్వాత వంతు పిల్లలది. కర్నూలు, నంద్యాల ప్రాంతాల సంకర పత్తివిత్తనాల చేలలో క్రాసింగు పనికి ఆడపిల్లలనే ఎక్కువగా పిలిచేవారు. సాయంత్రం మొగ్గ ఒలిచి, మర్నాడు పొద్దున పుప్పొడి రుద్దే పని. చిన్న వేళ్లకు సులువని, కూలి తక్కువని, బడి మాన్పించి పంపేవారు. పొదుపు సంఘాల ఆడవారు ఈ పిల్లలను చేను నుంచి తప్పించి, వారధి శిబిరాలలో ఉంచి, వయసుకు తగిన తరగతికి తయారుచేసి బడికి పంపే పని తలకెత్తుకున్నారు. బాల్యవివాహాలకు అడ్డం పడ్డారు. సొంత ఇంట్లోనే మాటలు పడవలసి వచ్చే పని అది. తర్వాతి కాలంలో ఈ సంఘమే బాలభారతి పేరుతో ఇంగ్లీషు మీడియం బడి నడపడం విశేషం. కూలివారి సంఘం బడి కట్టిందంటే, ఆ బడి ఫీజు సంగతి కూలివారికే బాగా తెలుసు.

2000 సంవత్సరంలో ప్రపంచబ్యాంకు సాయంతో వెలుగు పథకం మొదట ఆరు జిల్లాలలో, తర్వాత మిగతా జిల్లాలలో వచ్చింది. దానికి ఇటుకలు పేర్చింది అంతకుముందు ఓర్వకల్లు వంటి మండలాలలో జరిగిన పనే. 2011లో కేంద్రం జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ పేరుతో దేశమంతటికీ విస్తరించింది కూడా ఈ ఒరవడినే. మన రాష్ట్రం పల్లె ఆడవారు బీహారు వంటి చోట్లకు పోయి, భాష రాకపోయినా, అక్కడివారికి సంఘం పెట్టుకోవడం నేర్పి వచ్చారు.

అంతా తీపేనని చెప్పడం సరికాదు. ఇంటింటికీ తిరిగి అప్పులంటగట్టిన ప్రైవేటు సూక్ష్మరుణ కంపెనీల వల్ల రాష్ట్రంలో ఎన్ని కుటుంబాలు కూలిందీ, 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చిందీ అందరూ ఎరిగినదే. ఎన్నికల వేళ రుణమాఫీ మాట వినిపించినప్పుడు వాయిదాలు ఆగిపోయి చాలా సంఘాలు బ్యాంకుల దగ్గర పరువు పోగొట్టుకున్నాయి. పరువే పెట్టుబడిగా ఎదిగినవారికి ఇది చిన్న నష్టం కాదు.

రాళ్లకూ టిక్కెట్టు

ఎందుకూ కొరగావనుకున్న రాళ్లకు విలువ వచ్చిన కథ రెండవది. రహదారి పక్కన చెరువు చుట్టూ ఎండకు, వానకు అరిగి చిత్రమైన ఆకారాలు దేలిన రాళ్ల ప్రాంతాన్ని పర్యాటక శాఖ రాతివనంగా తీర్చింది. 'బాహుబలి' చిత్రీకరణ 2013 జూలైలో మొదలైంది ఈ రాళ్ల మధ్యనే. మండలంలోని కేతవరం దగ్గర ఆదిమానవులు రాతిపై వేసిన రంగు బొమ్మలున్నాయి. సినిమా రాళ్లను చూసిపోయేవారిలో కేతవరం దాకా పోయేవారు నూటికి ఒక్కరైనా ఉండరు. కాల్వబుగ్గ రామేశ్వరస్వామి గుడికి మాత్రం ఆ ఇబ్బంది లేదు. ఇంత మెట్టలో ఎండాకాలం కూడా ఊరే నీటిబుగ్గ ఉంటే భక్తులు వెతుక్కుంటూ రాకుండా ఉంటారా?

గాలిమోటరు దిగింది

కన్నమడకల, పూడిచెర్ల, ఓర్వకల్లు గ్రామాల పరిధిలో సుమారు వెయ్యి ఎకరాలలో విమానాశ్రయం కట్టారు. 2019 జనవరి 8న అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు ప్రారంభించగా, 2021 మార్చి 25న అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహనరెడ్డి మరొకసారి ప్రారంభించారు. ఒక విమానాశ్రయానికి రెండు ప్రారంభోత్సవాలు! మార్చి 28న బెంగళూరు, విశాఖ, చెన్నైలకు విమానాలు మొదలయ్యాయి. 2025 జూలై 2న విజయవాడకు కూడా మొదలైంది.

దీనికి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు. 1846లో కుంఫిణీ ప్రభుత్వంపై తిరగబడి, 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరికంబమెక్కిన పాలెగాడు. ఆయన తలను కోయిలకుంట్ల కోటకు దశాబ్దాల తరబడి వేలాడదీశారు. ఈ సీమలో ఆయనపై పాట రానివాడు లేడనుకునే రోజుల్లోనే ఈ గౌరవం దక్కి ఉంటే ఇంకా బాగుండేది.

ఎండకు ధర, భూమికి గిరాకీ

ఎండలే శాపమనుకున్నచోట ఎండనే అమ్ముతున్నారు. గడివేముల మండలం గని, ఓర్వకల్లు మండలం శకునాల గ్రామాల మధ్య దాదాపు ఆరువేల ఎకరాలలో వెయ్యి మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు 2017లో పూర్తయింది. ఒకేచోట ఇంత పెద్దది ఆనాటికి ప్రపంచంలోనే అరుదు. అయితే పలకలు బిగించేటప్పుడు వందల చేతులు కావాలి, బిగించాక కాపలాకు, పలకలు కడగడానికి, గడ్డి కోయడానికి కొద్దిమంది చాలు. పాలకొలను సమీపంలో రక్షణ పరిశోధన సంస్థ వారి పరీక్షా కేంద్రం ఉంది. 2025 ఏప్రిల్ 13న లేజరు కిరణంతో డ్రోనును కూల్చిన పరీక్ష జరిగిందక్కడే.

గుట్టపాడు వైపు జయరాజ్ ఇస్పాత్ ఉక్కు కర్మాగారం వచ్చింది. 2024 ఆగస్టు 28న కేంద్ర మంత్రివర్గం దేశంలో పన్నెండు పారిశ్రామిక నగరాలకు అనుమతినిచ్చింది. హైదరాబాదు-బెంగళూరు పారిశ్రామిక మార్గంలో ఓర్వకల్లు అందులో ఒకటి. 2,621 ఎకరాలు, 2,786 కోట్ల రూపాయలు, 45 వేల కొలువులని ప్రకటించారు. మన పొరుగు కడప జిల్లా కొప్పర్తి కూడా ఆ పన్నెండింటిలో ఉంది. 2025 అక్టోబరు 16న కర్నూలు వచ్చిన ప్రధాని నరేంద్ర మోదీ ఈ రెండింటికీ శంకుస్థాపన చేశారు. డ్రోన్ల తయారీకి వేరుగా 300 ఎకరాలు కేటాయించారు.

కొలువులు ఎవరివి?

ఇప్పుడు మండలంలో అరుగుల మీద నడిచే మాట ఇదొక్కటే. నలభై అయిదు వేల కొలువులలో శకునాల పిల్లకు, పూడిచెర్ల పిల్లవాడికి దక్కేవెన్ని? కర్మాగారాలకు కావలసింది ఫిట్టరు, వెల్డరు, ఎలక్ట్రీషియను, యంత్రం ముందు కూర్చోగల చదువు. పాలిటెక్నిక్, ఐ.టి.ఐ. గడప తొక్కనివారికి గేటు దగ్గర కాపలా, తోట పని మిగులుతాయి. పత్తి చేలనుంచి బడికి మళ్లిన ఆడపిల్లలు నేడు తల్లులు. వారి పిల్లలు ఏ గేటు గుండా లోపలికి పోతారన్నది ఫ్యాక్టరీ గోడలు లేవకముందే తేలవలసిన సంగతి. స్థానికులకు శిక్షణ ఇస్తామని వేదికలమీద చెప్పినవారు ఏ ఊళ్లో, ఏ నెలలో, ఎంతమందికో కూడా చెబితే సంఘాల సమావేశాలలో పేర్లు రాసుకోవడానికి పుస్తకాలు సిద్ధంగానే ఉన్నాయి.

రెండవది నీరు. పారిశ్రామికవాడకు శ్రీశైలం వెనుక జలాల నుంచి, ముచ్చుమర్రి మీదుగా పైపులైను తలపెట్టారు. పైపు పోయే దారిలోని చేలు మాత్రం మబ్బు వైపే చూడాలి.

ఆ చేలకు చేసింది లేకపోలేదు. విమానాశ్రయానికి భూమిచ్చిన పూడిచెర్లలోనే 2025 మార్చి 22న ఉపముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ సేద్యపు కుంటల తవ్వకానికి భూమిపూజ చేశారు. రాష్ట్రంలో 1.55 లక్షల కుంటలు తవ్వించాలన్నది లక్ష్యమన్నారు. తవ్వకం పని ఉపాధి హామీ కూలీలది. రాష్ట్రంలో ఆ పథకం కింద జరిగిన పనిదినాలలో సగానికి పైగా ఆడవారివే. పొద్దున్నే గడ్డపార, గంప పట్టుకుని కుంట గట్టుమీదికి పోయిన ఆ చేతులే, సాయంత్రం సంఘం పుస్తకంలో ఆ నెల పొదుపు కడతాయి.