తాత కుర్చీకి కవల కావాలా... మనవడు కావాలా?

తాతగారి పడక్కుర్చీ అటకమీద ఉంది. ఒక చెయ్యి విరిగింది. బట్ట ఎప్పుడో చిరిగింది. పారేయడానికి మనసొప్పదు, వాడదామంటే కూర్చునేలా లేదు. పోనీ అలాంటిదే కొత్తది చేయిద్దామని వడ్రంగిని పిలిస్తే ఆయన అడిగే మొదటి ప్రశ్న... 'అచ్చం ఇలాగే చేయమంటారా, కాస్త మార్చమంటారా?'

చిన్న ప్రశ్నే. కానీ మహామహా మ్యూజియంలు కూడా దాని దగ్గర తడబడ్డాయి!

మ్యూజియాన్నే బోల్తాకొట్టించింది!

1620లో మేఫ్లవర్ ఓడలో అమెరికా చేరినవారిలో విలియం బ్రూస్టర్ ఒకరు. తరిమెన పట్టిన పుల్లల్ని వరసగా బిగించిన ఓ రకం పాతకాలం కుర్చీలకు ఆయన పేరే స్థిరపడింది. అవి చాలా అరుదు. దొరికితే మ్యూజియంలకు పండగే.

రోడ్ ఐలండ్‌కి చెందిన శిల్పి ఆర్మండ్ లామోంటేన్ 1969లో అచ్చం అలాంటి కుర్చీని తయారుచేశాడు. పురాతన వస్తువుల నిపుణుల్ని బురిడీ కొట్టించవచ్చని నిరూపించడమే ఆయన పంతం. కొత్త చెక్కకు పాతదనం తెప్పించాడు. కొన్ని పుల్లలు కావాలనే లేకుండా చేశాడు. కుర్చీ చేతులు మారింది. 1970లో హెన్రీ ఫోర్డ్ మ్యూజియం దాన్ని 9 వేల డాలర్లు పోసి కొనుక్కుంది!

అసలు సంగతి 1977లో బయటపడింది. ఎక్స్‌రే తీసి చూస్తే, లోపలి బెజ్జాలు ఈ కాలపు బరమాతో వేసినవని తేలింది. మ్యూజియంవాళ్లు దాన్ని పారేయలేదు. నకిలీని ఎలా గుర్తుపట్టాలో నేర్పే పాఠంగా దాచుకున్నారు.

ఆ పనితనంలో తప్పులేదు. తప్పల్లా పుట్టినతేదీ దాచడంలోనే.

రెండు కాళ్లూ రెండు రకాలు!

అయితే పాతకాలపు పనివాళ్లంతా ఒకే నమూనాను తూచా తప్పకుండా చేసేవారనుకుంటే పొరపాటే. లండన్‌కి చెందిన థామస్ చిప్పెండేల్ 1754లో ఫర్నిచర్ నమూనాల పుస్తకం వేశాడు. అందులోని కొన్ని కుర్చీల బొమ్మల్లో ఎడమకాలు ఒక రకం, కుడికాలు మరో రకం! అచ్చుతప్పు కాదు. 'మీకు నచ్చింది ఎంచుకోండి' అని పనివాళ్లకు చెప్పడమది. అంటే, మార్చుకునే స్వేచ్ఛ మూలంలోనే ఉందన్నమాట.

చైనా కుర్చీ... డెన్మార్క్‌లో

ఆ స్వేచ్ఛను అందంగా వాడుకున్నవారిలో డెన్మార్క్ డిజైనర్ హాన్స్ వెగ్నర్ (1914-2007) ఒకరు. స్వయంగా వడ్రంగం నేర్చినవాడు. చైనాలో మింగ్ వంశ కాలంనాటి కుర్చీలు ఆయన్ని ఆకట్టుకున్నాయి. వాటిలో ఒక రకానికి వీపు, చేతులు కలిపి ఒకే వంపు. ఆ స్ఫూర్తితో 1944లో 'చైనా చెయిర్' చేశాడు. అక్కడితో ఆగలేదు. అనవసరమైనవి ఒక్కొక్కటే తీసేసుకుంటూ వెళ్లాడు.

1949 నాటికి మిగిలింది 'విష్‌బోన్' కుర్చీ. వీపున పంగలకర్రలాంటి చెక్క, కూర్చునేచోట కాగితపు తాడు అల్లిక. ఒక్కో కుర్చీకి దాదాపు 120 మీటర్ల తాడు పడుతుంది. 1950 నుంచి ఇప్పటికీ తయారవుతూనే ఉంది. చూస్తే చైనాది అనిపించదు. కానీ ఆ వంపులో ముత్తాత పోలిక దాగదు!

మరి మనింట్లో?

పందిరి మంచాన్నే తీసుకోండి. దోమతెరకు నాలుగు కోళ్లమీద పందిరి కావాల్సొచ్చింది. సీలింగ్ ఫ్యాను వచ్చాక అదే పందిరి అడ్డమైంది. దాంతో ఎన్నో ఇళ్లలో పైభాగాన్ని నిర్దాక్షిణ్యంగా కోసేశారు. అది మార్పు కాదు, నష్టం. కోసిన కోడు మళ్లీ అతకదు. ఫ్యానుకి సరిపడే మంచం కావాలంటే, ఆ చెక్కడం చూసి కొత్తది చేయించుకోవచ్చు. పాతది పాతదిగానే ఉంటుంది.

ఆరు కుర్చీల జతలో ఒకటి పోయిందా? అప్పుడు అచ్చుగుద్దినట్టు నకలే కావాలి. అదే కొలత, అదే కలప, అదే కుసి-బెజ్జం అతుకు. రోజూ కూర్చునే కుర్చీ అయితే మాత్రం ఎత్తు, వాలు మీ నడుముకి తగ్గట్టు మార్చుకోవడమే మేలు.

పాతదని చెప్పి అమ్మజూపితే ఓ చిన్న పరీక్ష. తరిమెన పట్టిన కాలుని ఒకేచోట రెండువైపులా కొలవండి. ఏళ్లు గడిచేకొద్దీ చెక్క అన్నివైపులా ఒకేలా కుదించుకుపోదు. అందుకే నిజంగా పాత కాలు గుండ్రదనం తగ్గి, కాస్త కోలగా ఉంటుంది. సొరుగుల వెనకా, అడుగునా చేతి చిత్రిక గుర్తులున్నాయేమో తడిమి చూడండి. ఎదురుగా మెరిసేదానికన్నా వెనకాల గరుకే ఎక్కువ నిజం చెబుతుంది.

కవలైనా, మనవడైనా... వడ్రంగితో చివరగా ఓ మాట చెప్పడం మరచిపోకండి. కుర్చీ అడుగున తన పేరు, చేసిన సంవత్సరం చెక్కమనండి. రేపు మీ మనవడు దాన్ని అటకమీంచి దించినప్పుడు, అది ఎవరి కుర్చీయో అదే చెబుతుంది!