చలి కింది నుంచే!

వేసవి సెలవుల్లో కొండలెక్కడానికి బయలుదేరే పిల్లలతో "రగ్గులు తెచ్చుకోండి" అంటే నవ్వుతారు. ఆ ఏడాది మే నెలలో మా పదో తరగతి పిల్లలూ అలాగే నవ్వారు. మేము రైలెక్కిన రోజున మా ఊళ్ళో ఎండ 42 డిగ్రీలు. వెళుతున్నది హిమాచల్ ప్రదేశ్‌లోని కులూ లోయకు. "అక్కడ రాత్రిళ్ళు చలి. ఒక్కొక్కరు రెండేసి రగ్గులు తెచ్చుకోవాలి" అని గట్టిగానే చెప్పాను.

మూడో రాత్రి సుమారు 3,200 మీటర్ల ఎత్తున, ఒక పచ్చిక బయలులో గుడారాలు వేసుకున్నాం. రాత్రి రెండు గంటలప్పుడు ఒక కుర్రవాడు వచ్చి నన్ను లేపాడు. "సార్, మా గుడారంలో ఒకడు వణుకుతున్నాడు. పిలిస్తే సరిగా పలకడం లేదు." పరుగున వెళ్ళి చూశాను. ఆ అబ్బాయి నేను చెప్పినట్టే రెండు రగ్గులూ కప్పుకున్నాడు. కింద మాత్రం పలచని ప్లాస్టిక్ షీటు ఒక్కటే ఉంది. పగలంతా నడిచిన చెమట బనీను ఇంకా ఒంటిమీదే ఉంది. మాట ముద్దముద్దగా వస్తోంది.

వెంటనే పొడి బట్టలు తొడిగి, తలకు ఉన్ని టోపీ పెట్టాం. ఖాళీ సంచులు నేలమీద పరిచి, వాటిపైన ఒక రగ్గును మడత పెట్టి వేసి అతణ్ణి పడుకోబెట్టాం. రెండో రగ్గు కప్పాం. కాస్త తేరుకున్నాక తియ్యటి వేడి టీ తాగించాం. ముప్పావు గంటకు వణుకు తగ్గింది. నాకు మాత్రం తెల్లవారే దాకా నిద్ర పట్టలేదు.

ఉదయం ఒక అమ్మాయి హుషారుగా తిరుగుతూ కనిపించింది. ఆమె తెచ్చుకున్నవి ఒక గొంగడి, ఒక పలచని రగ్గు. "చలి వేయలేదా అమ్మా?" అని అడిగాను. "లేదు సార్. గొంగడి కింద పరుచుకున్న. మా తాత గొర్ల మందతోటి పోతే అట్లనే పంటడు. నేల సలి బొక్కల్లకు ఎక్కుతదంటడు" అన్నది.

ఇరవై అయిదేళ్ళుగా ఏటా 'ఉష్ణ ప్రసారం' పాఠం చెబుతున్న నేను, పైన కప్పుకునే దాన్ని గురించి చెప్పాను గాని, కింద పరుచుకునే దాన్ని గురించి చెప్పలేదు! ఆ తప్పు మీకు జరగకూడదనే ఈ వ్యాసం.

రగ్గు వేడిని ఇస్తుందా?

ఇవ్వదు. నిద్రపోతున్న పెద్ద మనిషి శరీరం సుమారు 70 వాట్ల వేడిని వెలువరిస్తుంది. రగ్గు చేసే పనల్లా ఆ వేడి త్వరగా పోకుండా ఆపడమే. ఆ పనైనా నిజానికి చేసేది నూలో, ఉన్నో కాదు. పోగుల మధ్య చిక్కుకున్న గాలి. కదలని గాలి అధమ ఉష్ణవాహకం. నీరు దానికంటే దాదాపు 24 రెట్లు ఎక్కువగా వేడిని ప్రసరింపజేస్తుంది. చెమట బనీను ఆ అబ్బాయికి ఎంత చేటు చేసిందో ఇప్పుడు తెలిసింది కదా!

ఇక నేల సంగతి. మన బరువుకు ఒంటి కింద ఉన్న బట్ట నలిగి, అందులోని గాలి బయటికి పోతుంది. అప్పుడు శరీరం నుంచి చల్లని, తేమ నేలలోకి ఉష్ణవహనం ద్వారా వేడి ఎడతెగకుండా పోతూనే ఉంటుంది. పైన పది రగ్గులు కప్పినా ఆ దారి మూసుకోదు. 'నేల చలి ఎక్కుతుంది' అని తాతగారు అన్నది అనుభవం. 'మన వేడి నేలలోకి దిగుతుంది' అనేది శాస్త్రం. రెండూ ఒకటే.

అందుకే కిందికి, బరువు పడినా నలగనిది కావాలి. ముతక ఉన్నితో నేసిన గొంగడి అంత సులువుగా అణగదు. కాని అది బరువు. నేటి ఫోమ్ చాప బరువు 400 గ్రాముల దరిదాపుల్లో ఉంటుంది. అందులో గాలి వేలాది చిన్న చిన్న గదుల్లో బందీ అయి ఉంటుంది. చాప మందం రెట్టింపైతే దాని గుండా పోయే వేడి సుమారు సగమవుతుంది.

మరి గాలి ఊదిన మామూలు పరుపు? అందులోనూ ఉన్నది గాలే కదా అంటారేమో. ఆ గాలి పెద్ద గదుల్లో ఉంటుంది కాబట్టి అటూ ఇటూ కదులుతుంది. ఉష్ణసంవహనం ద్వారా వేడిని మోసుకుపోతుంది. గాలి ఉంటే చాలదు, అది కదలకుండా ఉండాలి.

ఎంత చలి ఉంటుంది?

ఇది మీరే లెక్క కట్టవచ్చు. ఎత్తుకు వెళ్ళిన కొద్దీ ప్రతి 1,000 మీటర్లకు ఉష్ణోగ్రత సగటున 6.5 డిగ్రీలు తగ్గుతుంది. 1,200 మీటర్ల ఎత్తున ఉన్న ఊళ్ళో రాత్రి 16 డిగ్రీలు అనుకోండి. 3,200 మీటర్ల దగ్గర? తేడా 2,000 మీటర్లు. అంటే 13 డిగ్రీలు తక్కువ. మిగిలింది 3 డిగ్రీలే! ఇది అంచనా మాత్రమే. ఆకాశం నిర్మలంగా ఉంటే ఉష్ణవికిరణం వల్ల నేల ఇంకా చల్లబడుతుంది. చల్లని గాలి బరువు కనుక పల్లంలోకి చేరుతుంది. కాబట్టి లోయ అడుగున కాక, కాస్త మెరక మీద పడుకోవడం మేలు.

స్లీపింగ్ బ్యాగు కొనేటప్పుడు దాని చీటీ చదవండి. 'కంఫర్ట్' అని ఉన్న ఉష్ణోగ్రతనే నమ్మండి. 'ఎక్స్‌ట్రీమ్' అన్నది హాయిగా నిద్రపోయే ఉష్ణోగ్రత కాదు, ప్రాణాపాయం దాకా వెళ్ళే హద్దు. మరో మాట. ఆ అంకెలను కింద చాప వేసి పరీక్షించి నిర్ణయిస్తారు. చాప లేకపోతే ఆ అంకెలకు అర్థం లేదు. పక్షి నూగు నింపిన బ్యాగు తేలిక, కాని తడిస్తే ముద్దయిపోతుంది. కృత్రిమ పోగుల బ్యాగు కాస్త బరువు, ధర తక్కువ, తడిసినా కొంత పనిచేస్తుంది. మొదటిసారి వెళ్ళేవారికి ఇదే నయం.

తూచి చూడండి

మా అబ్బాయి మోసిన రగ్గులు ఒక్కొక్కటి కిలోన్నర. రెండూ కలిసి 3 కిలోలు. ఫోమ్ చాప 400 గ్రాములు, స్లీపింగ్ బ్యాగు 1,200 గ్రాములు, నేలమీద వేసే షీటు 200 గ్రాములు. మొత్తం 1,800 గ్రాములు. బరువు కిలోకు పైగా తగ్గింది, నిద్ర పెరిగింది! ఇక రాత్రికి మాత్రమే వాడే ఒక పొడి బట్టల జత, మేజోళ్ళు, ఉన్ని టోపీ తప్పనిసరి. వాటిని ప్లాస్టిక్ సంచిలో వేరుగా కట్టుకోండి.

చేసి చూడండి

మూతలున్న రెండు ఒకేలాంటి స్టీలు టిఫిన్ డబ్బాలు తీసుకోండి. పెద్దల సాయంతో రెండింటిలోనూ సమానంగా వేడినీళ్ళు పోయండి. ఒకదాన్ని సిమెంటు గచ్చు మీద, రెండోదాన్ని థర్మోకోల్ అట్ట మీద పెట్టండి. రెండింటిమీదా ఒకేలాంటి తువాళ్ళు కప్పండి. అరగంట తరువాత థర్మామీటరుతో చూడండి. ఏది ఎక్కువ వేడిగా ఉంది? గచ్చు మీది డబ్బాకు మరో తువాలు కప్పి మళ్ళీ చేయండి. కింద వేసింది ఎంత మేలు చేసిందో, పైన చేర్చింది ఎంత మేలు చేసిందో పోల్చి రాసుకోండి.

చివరిగా ఒక్క హెచ్చరిక. శరీరం లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీలకంటే తగ్గితే ప్రమాదం. ఆపలేని వణుకు, తడబడే చేతులు, ముద్దగా వచ్చే మాట దాని గుర్తులు. మీ తోటివారిలో ఇవి కనిపిస్తే తెల్లవారనిద్దామని ఊరుకోకండి. వెంటనే పెద్దలను లేపండి. ఆ రాత్రి నన్ను లేపిన కుర్రవాడు చేసింది అదే.