బండే ఇల్లయితే.. ఇద్దరికీ చోటుంటుందా?

వైజాగ్‌లో కొత్త బండి కొంటే ముందు సంపత్ వినాయకుడి గుడికి తీసుకెళ్తారు, లేదంటే సింహాచలం. దండ వేసి, కొబ్బరికాయ కొట్టి, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించి ఇంటికి తెచ్చుకుంటారు. మరి ఆ బండే ఇల్లయితే? వాహన పూజ చేయించాలా, గృహప్రవేశం పెట్టుకోవాలా? పాలు పొంగించే స్టవ్వు కూడా అందులోనే ఉంటుంది కదా!

మీ ఫీడ్‌లోనూ ఈ రీల్స్ వచ్చే ఉంటాయి. వ్యాన్ వెనక తలుపు తీస్తే ఎదురుగా సముద్రం, చేతిలో కాఫీ కప్పు, పక్కన నచ్చిన మనిషి. 2011లో ఫోస్టర్ హంటింగ్టన్ అనే అమెరికా ఫొటోగ్రాఫర్ మొదలుపెట్టిన ‘వ్యాన్‌లైఫ్’ హ్యాష్‌ట్యాగ్ ఇప్పుడు మనదాకా వచ్చింది. కేరళలో ‘టిన్‌పిన్ స్టోరీస్’ జంట ఉద్యోగాలు వదిలేసి, కారులోనే వండుకుంటూ, అందులోనే పడుకుంటూ దేశం చుట్టారు. 2021లో కేరళ ప్రభుత్వం కారవాన్ టూరిజం పాలసీనే తెచ్చింది. మనకు మాత్రం కారవాన్ అంటే నిన్నమొన్నటి దాకా షూటింగుల్లో హీరోలు కూర్చునేదే!

పది రోజుల ట్రిప్ ఎవరైనా చేస్తారు. ఏడాది పొడుగునా, అదీ ఇద్దరు కలిసి అందులోనే ఉండటం వేరే సంగతి. సింహాచలం తొలిపావంచా దగ్గర టెంకాయ కొట్టి అలా బయల్దేరిపోదాం అనుకునే జంట ముందుగా చూసుకోవాల్సిన లెక్కలు కొన్నున్నాయి.

78 చదరపు అడుగుల కాపురం

మన దగ్గర ఎక్కువగా ఫోర్స్ ట్రావెలర్, టాటా వింగర్ లాంటి బళ్లను ఇళ్లుగా మారుస్తారు. వెనకాల సీట్లన్నీ తీసేస్తే పొడవు 13 అడుగులు, వెడల్పు 6 అడుగులు వచ్చిందనుకోండి. మొత్తం 78 చదరపు అడుగులు. చాలా ఫ్లాట్లలో ఒక్క బెడ్‌రూమే దీనికన్నా పెద్దగా ఉంటుంది. ఇందులోనే మంచం, వంటగట్టు, నీళ్ల ట్యాంకు, బట్టల అర, వర్క్ ఫ్రమ్ హోమ్ అయితే రెండు ల్యాప్‌టాప్‌లు.

సామాను పెట్టేటప్పుడు చోటుతో పాటు బరువూ చూసుకోవాలి. వంద లీటర్ల నీళ్లంటే వంద కిలోలు. దానికి బ్యాటరీ, ప్లైవుడ్, మంచం కలిపితే సింహాచలం ఘాట్ రోడ్డు దిగేటప్పుడు ఆ తేడా బ్రేకులకు తెలిసిపోతుంది. అందుకే బరువు సామాను కిందే ఉండాలి, రెండు పక్కలా సమానంగా సర్దుకోవాలి. దిగేటప్పుడు తక్కువ గేరులోనే దిగాలి.

ఏసీ సంగతి మర్చిపోండి

12 వోల్టుల, 200 ఆంపియర్ అవర్ బ్యాటరీలో పట్టేది 2.4 యూనిట్ల కరెంటు. చిన్న ఫ్రిజ్, ఫ్యాను, లైట్లు, ఫోన్లు, రెండు ల్యాప్‌టాప్‌లు కలిపి రోజుకు యూనిట్ ముప్పావు దాకా లాగేస్తాయి. పైన 400 వాట్ల సోలార్ ప్యానెళ్లుంటే మంచి ఎండరోజు ఇంచుమించు అంతే వస్తుంది. అంటే చాలీచాలకుండా సరిపోతుంది. మబ్బు పట్టిందా, అంతే సంగతులు. ఒక టన్ను ఏసీ గంటకు యూనిట్ దాకా తింటుంది. బ్యాటరీ ఫుల్‌గా ఉన్నా రెండు గంటల్లో ఖాళీ.

మే నెల ఉక్కపోత వైజాగ్ వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. అయితే ఇల్లు కదలడంలో ఓ లాభముంది. ఎండలు ముదిరితే అరకు 115 కిలోమీటర్లే. తుపాను హెచ్చరిక వస్తే తీరం వదిలి లోపలికి వెళ్లిపోవచ్చు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్‌ ఏం చేసిందో చూసిన ఊరు మనది. అలాంటి రోజున బీచ్ రోడ్డులో వ్యాన్‌లో ఉండటం ఎంత ప్రమాదమో తెలుసు. అక్టోబర్, నవంబర్ నెలల్లో వాతావరణ శాఖ బులెటిన్ చూడటం కూడా ఇంటిపనే అనుకోవాలి.

అద్దె మిగులుతుందా?

అద్దె తప్పుతుంది కదా అన్నది అందరూ మొదట అనుకునే మాట. ఇలాంటి బండి లీటరుకు 10 కిలోమీటర్లు ఇస్తుందనుకుందాం. నెలకు 1,500 కిలోమీటర్లు తిరిగితే 150 లీటర్లు. లీటరు వంద లెక్కన 15 వేలు. అద్దె కాస్తా బంకులో కడుతున్నారు, అంతే తేడా! నిజంగా మిగలాలంటే తక్కువ తిరగాలి, ఒక్కో ఊళ్లో ఎక్కువ రోజులుండాలి.

స్నానం, టాయిలెట్ అయితే ఏ రీల్‌లోనూ కనిపించవు. బంకులు, ధాబాలు, సులభ్ కాంప్లెక్సులే దిక్కు. పీరియడ్స్ రోజుల్లో ఆడవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. వారానికి ఒకటి రెండు రోజులు ఏ సత్రంలోనో, లాడ్జిలోనో గది తీసుకుని తలస్నానాలు, బట్టలుతుక్కోవడం, ఫుల్ చార్జింగ్ కానిచ్చేస్తే ప్రాణం హాయిగా ఉంటుంది. బడ్జెట్‌లో దాన్ని ముందే రాసుకోండి.

ఆర్టీవోకి చెప్పకుండా చెయ్యొద్దు

వర్క్‌షాప్ వాడు ఊ అన్నాడని సీట్లు పీకేస్తే కుదరదు. మోటారు వాహనాల చట్టంలోని సెక్షన్ 52 దీనికి అడ్డం వస్తుంది. తయారీదారు స్పెసిఫికేషన్లకు విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. మోటార్ కారవాన్‌లకు ఏఐఎస్-124 అనే ప్రమాణం ఉంది. సొంతానికి వాడే క్యాంపర్ వ్యాన్‌ని నాన్-ట్రాన్స్‌పోర్ట్ వాహనాల జాబితాలోనే పెట్టారు. కాబట్టి పద్ధతిగా చేయించే దారి ఉంది. ఆర్సీలో ఎక్కించకుండా, ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పకుండా మార్చేస్తే రేపు ప్రమాదం జరిగినప్పుడు క్లెయిమ్ దగ్గర ఇబ్బంది పడతారు.

ఇక అడ్రస్. ఆధార్, ఓటు, బ్యాంకు కేవైసీ, పార్సిల్.. అన్నిటికీ ఒక డోర్ నంబరు కావాలి. అమ్మానాన్నల ఇల్లే ఆ అడ్రస్ అవుతుంది. అంటే ఇల్లొదిలి వెళ్లినా, ఇంకో ఇంటి ఆసరా ఉండాల్సిందే. ‘ఇల్లొదిలేసి బండిలో ఉంటారేటమ్మా’ అని తిట్టే అమ్మతో గొడవ పెట్టుకుని వెళ్లొద్దన్నది అందుకే!

రెండో గది ఉండదు

ఇవన్నీ డబ్బుతో, ఓపికతో తేలిపోయేవే. తేలనిది ఇంకోటుంది.

1830 మే 18న మద్రాసు నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామి 1831 సెప్టెంబర్ 3న తిరిగొచ్చాడు. డేరాలు, పల్లకీలు, వంట సామాను, వెంట దాదాపు వంద మంది. ఇల్లు వెంటేసుకుని తిరగడమంటే అప్పట్లో అంత పని! ఇప్పుడు ఆ పనంతా ఇద్దరే చేసుకోవాలి. డ్రైవింగ్, వంట, నీళ్లు పట్టడం, రాత్రికి ఎక్కడ ఆపాలో వెతకడం, అర్ధరాత్రి పోలీసులు తలుపు తడితే జవాబు చెప్పడం. ఎవరి వాటా ఎంతో ముందే మాట్లాడుకోకపోతే, ఇంట్లో ఎవరు వంట చేస్తున్నారో వ్యాన్‌లోనూ వాళ్లే చేస్తారు.

ఇంట్లో గొడవైతే ఒకరు హాల్లోకి, ఒకరు బాల్కనీలోకి వెళ్లొచ్చు. వ్యాన్‌లో తలుపు తీస్తే హైవే.

2021 జూలైలో గాబీ పెటిటో అనే 22 ఏళ్ల అమెరికా అమ్మాయి కాబోయే భర్తతో కలిసి తెల్ల ఫోర్డ్ ట్రాన్సిట్ వ్యాన్‌లో బయల్దేరింది. ఇన్‌స్టాలో అన్నీ నవ్వులే. ఆగస్టు 12న గొడవ పడుతున్నారని ఫిర్యాదొస్తే మోయాబ్ పోలీసులు బండి ఆపారు. ఆ రాత్రికి ఇద్దరినీ వేరుగా ఉంచారు. సెప్టెంబర్ 19న వయోమింగ్‌లో ఆమె మృతదేహం దొరికింది. ఆమె చావుకు తానే కారణమని అతను నోట్‌బుక్‌లో రాసుకున్నట్టు తర్వాత ఎఫ్‌బీఐ వెల్లడించింది.

అన్ని జంటలూ అలా ఉంటాయని కాదు. కానీ ఊరు కాని ఊళ్లో, ఒకే తలుపున్న ఇంట్లో, బయటికెళ్లే దారి ఒకరి చేతిలోనే ఉంటే ఎంత ప్రమాదమో ఆ కేసు చెబుతుంది. మన దగ్గర ఆర్సీ మామూలుగా ఒక్కరి పేరు మీదే ఉంటుంది. డ్రైవింగ్ కూడా చాలా ఇళ్లలో ఒక్కరికే వచ్చు. స్టీరింగ్ ఒకరి చేతిలోనే ఉందంటే ఇల్లు కూడా వాళ్ల చేతిలో ఉన్నట్టే. రెండోవాళ్లు కాపురం చేస్తున్నట్టా, ప్యాసింజర్‌లా కూర్చున్నట్టా?

ఇది సరిచేసుకోవడం కష్టమేం కాదు. 7,500 కిలోల లోపు బండికి మామూలు కారు లైసెన్స్, అంటే ఎల్ఎంవీ చాలని 2024 నవంబర్ 6న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం స్పష్టం చేసింది. ఈ వ్యాన్లు ఆ లోపే వస్తాయి. కాబట్టి బండి కొనే ముందే ఇద్దరూ నేర్చుకోండి.

మొదట ఇలా చేసి చూడండి

- ఉద్యోగం మానే ముందు అద్దె వ్యాన్‌లో పది రోజులుండండి. అందులో రెండు రోజులైనా వానవి అయితే మంచిది.
- తాళాలు రెండు సెట్లు. ఎవరి ఫోన్ వాళ్లది, ఎవరి అకౌంట్ వాళ్లది. ఏ ఊరి నుంచైనా ఒంటరిగా ఇంటికొచ్చేంత డబ్బు ఇద్దరి దగ్గరా విడివిడిగా ఉండాలి.
- రాత్రి ఎక్కడ ఆపారో లొకేషన్ ఇంట్లో ఒకరికి పంపండి.
- రోజూ ఓ గంట ఎవరి దారి వాళ్లది. ఒకరు టీకొట్టుకి, ఒకరు వ్యాన్‌లోనే.
- ఆరు నెలలకోసారి కూర్చుని మాట్లాడుకోండి. ఒక్కరికి చాలనిపించినా ఆపేయాలి. ఆ మాట ముందే అనుకోండి.

ఈ చివరి దానికి ఇద్దరూ మనస్ఫూర్తిగా సరే అనుకుంటే, 78 చదరపు అడుగులు సరిపోతాయి. అప్పుడు ధైర్యంగా బండిని కొండకి తీసుకెళ్లి పూజ చేయించుకోవచ్చు. టైరు కింద నిమ్మకాయ ఎవరు తొక్కించినా పర్లేదు, కొండ దిగేటప్పుడు స్టీరింగ్ రెండోవాళ్లకివ్వండి.