నెత్తుటిలో తిరిగే ఎముక మేస్త్రీలు

విద్యార్థులారా! కబడ్డీ ఆడుతూ పడి ముంజేయి విరిగితే, కట్టు కడతారు. పూర్వపు చిత్తూరు జిల్లాలోని పుత్తూరు కట్టు పేరు మన మర్పల్లి దాకా వినబడుతుంది. ఆసుపత్రిలో అయితే పిండికట్టు వేస్తారు. ఏ కట్టయినా విరిగిన ముక్కలను కదలకుండా పట్టి ఉంచుతుంది, అంతే. మరి అతికించేది ఎవరు?

ఆస్టియోబ్లాస్టులు అనే కణాలు. ఇవి మొదట కొల్లాజెన్ అనే ప్రోటీనుతో వల అల్లుతాయి. ఆ వలపై కాల్షియం ఫాస్ఫేటు పేరుకొని గట్టిపడుతుంది. ఇనుప చువ్వలు కట్టి కాంక్రీటు పోసినట్లన్న మాట! తాండూరు బండలో ఉండే కాల్షియమే ఇక్కడా పనిచేస్తుంది.

ఈ మేస్త్రీలలో ఎక్కువ మంది ఎముకపై పొర నుండీ, లోపలి మూలుగ నుండీ వస్తారు. కొందరు రక్తంలోనూ తిరుగుతుంటారు. పూర్వం వీటి కోసం రక్తాన్ని ప్లాస్టిక్ పాత్రలో ఉంచి, అడుగున అంటుకున్న కణాలనే వెతికేవారు. అంటుకోనివి లెక్కలోకి రాలేదు. అందుకే ఇవి చాలా అరుదనుకున్నారు.

2005లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో సుందీప్ ఖోస్లా బృందం మరో ఉపాయం పన్నింది. ఎముక కట్టే కణాలు ఆస్టియోకాల్సిన్ అనే ప్రోటీనును తయారు చేస్తాయి. దానిని గుర్తుపట్టి అంటుకొనే ప్రతిదేహాలకు మెరిసే రంగు తగిలించి, రక్తకణాలతో కలిపారు. ఆ కణాలను ఒక్కొక్కటిగా లేజర్ కాంతి ముందు నడిపించారు. ఎముక కణాలు మెరిసి పట్టుబడ్డాయి! వేరుచేసి పెంచగా, అవి ప్రయోగశాలలో ఖనిజపు ముద్దలు కట్టాయి.

ఇంకో విశేషం వినండి. చకచకా పొడవు పెరిగే వయసు బాలురలో ఇవి పెద్దవారిలో కన్నా సుమారు 5 రెట్లు ఉన్నాయి. ఎముక విరిగినవారిలోనూ పెరిగాయి.

కనుక విరిగిన చోటికి రక్తం చక్కగా అందాలి. ముందు ఎక్స్‌రే తీయించండి. కట్టు కట్టాక వేళ్లు చల్లబడినా, నీలంగా మారినా, తిమ్మిరెక్కినా, నొప్పి భరించలేనంతగా పెరిగినా కట్టు బిగిసిందని అర్థం. తెల్లవారే దాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ఆలస్యమైతే చెయ్యే పోవచ్చు. దెబ్బ తగిలిన మోచేతికి నూనె రాసి మర్దన చేయకండి. కండలోనే ఎముక పెరిగి, కీలు బిగుసుకుపోయే ప్రమాదం ఉంది.

మేస్త్రీలు మీ ఒంట్లోనే ఉన్నారు. వారికి కావలసిన సామాను పాలలో, రాగులలో ఉంది. దారి మూసేయకుండా చూడటం మన పని.