ముక్కుకు దెబ్బ తగిలినప్పుడు...

మనం పీల్చే గాలిని వడపోసి, వెచ్చబరచి, తేమ చేర్చి ఊపిరితిత్తులకు అందించే బాధ్యతను అల్లాహ్ ముక్కుకు అప్పగించాడు. ప్రతి వుజూలో దానిని నీటితో శుభ్రపరచుకుంటాము. సజ్దాలో నుదుటితో పాటు దానిని కూడా నేలకు ఆనిస్తాము. ఏడు అవయవాలపై సజ్దా చేయాలని తెలియజేస్తూ, నుదుటిని పేర్కొన్నప్పుడు దైవప్రవక్త (సఅసం) చేతితో ముక్కును కూడా సూచించారని బుఖారీ హదీసు గ్రంథంలో ఉంది.

ముఖంలో అన్నిటికంటే ముందుకు వచ్చిన అవయవం కాబట్టి, పిల్లవాడు మెట్లపై జారినా, క్రికెట్ బంతి తగిలినా, మోటారు సైకిలు బోల్తాపడినా తొలి దెబ్బ ముక్కుకే. ముఖంలోని ఎముకలలో తరచుగా విరిగేది కూడా ఇదే. అయినా రక్తం ఆగిపోతే గండం గడిచిందని భావించడం మన ఇళ్లలో పరిపాటి. ఈ భావన ఒక్కొక్కసారి జీవితాంతం నిలిచే లోపానికి కారణమవుతుంది.

తక్షణం చేయవలసినవి

ముక్కు పైభాగం ఎముక. కింది భాగం చెవి డొప్పలో ఉన్నటువంటి మృదులాస్థి. లోపల సన్నని రక్తనాళాలు దట్టంగా అల్లుకొని ఉంటాయి. కనుక చిన్న దెబ్బకు కూడా రక్తం ధారగా కారవచ్చు.

గాయపడిన వారిని నిటారుగా కూర్చోబెట్టి, తలను కొద్దిగా ముందుకు వంచాలి. ముక్కు కింది మెత్తని భాగాన్ని రెండు వేళ్లతో నొక్కి, నోటితో గాలి పీల్చుకోమనాలి. 10 నుండి 15 నిమిషాల వరకు మధ్యలో వదలకుండా అలాగే పట్టుకోవాలి. నోటిలోకి వచ్చిన రక్తాన్ని ఉమ్మివేయాలి. మంచుముక్కలను గుడ్డలో చుట్టి ముక్కు పైభాగాన పెడితే వాపు, నొప్పి తగ్గుతాయి. మంచును నేరుగా చర్మానికి తాకించరాదు.

తలను వెనక్కి వాల్చడం మనలో పాతుకుపోయిన అలవాటు. అలా చేస్తే రక్తం ఆగదు, గొంతులోకి దిగి వాంతిని కలిగిస్తుంది. గాయంలో పసుపు, కాఫీపొడి అద్దకూడదు. ముక్కు చీదకూడదు. వంకర పోయిన ముక్కును ఇంట్లోనే సరిచేయ ప్రయత్నించడం మరింత హానికరం.

ఆలస్యం తగని సందర్భాలు

కింది లక్షణాలలో ఏ ఒక్కటి కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. అవసరమైతే 108 కు ఫోన్ చేయాలి.

- 20 నిమిషాలు నొక్కి పట్టినా రక్తం ఆగకపోవడం. రక్తాన్ని పలుచబరచే మందులు వాడుతున్న పెద్దల విషయంలో మరింత అప్రమత్తత అవసరం.
- స్పృహ తప్పడం, మాటిమాటికి వాంతులు, తీవ్రమైన తలనొప్పి, మగత.
- ముక్కు నుండి నీటివంటి ద్రవం కారడం. ఇది మెదడు చుట్టూ ఉండే ద్రవం కావచ్చు.
- చూపు మసకబారడం, ఒకటి రెండుగా కనిపించడం, పళ్లు సరిగా కలవకపోవడం.
- ఊపిరి తీసుకోవడం కష్టం కావడం, చర్మం చీలి లోతైన గాయం కావడం.

మెడ నొప్పి ఉంటే కదల్చకుండా సహాయం కోసం వేచి ఉండాలి.

దాగి ఉండే ప్రమాదం

రెండు ముక్కు రంధ్రాల మధ్య గోడలో ఉండే మృదులాస్థికి తన పైపొర ద్వారానే పోషణ అందుతుంది. దెబ్బ వల్ల ఆ రెండింటి నడుమ రక్తం గడ్డకడితే పోషణ నిలిచిపోతుంది. ఒకటి రెండు రోజులలోనే మృదులాస్థి నశించడం మొదలవుతుంది; చీము కూడా పట్టవచ్చు. చివరకు ముక్కు నడుమ కుంగిపోతుంది. పిల్లలలో ముక్కు ఎదుగుదలే దెబ్బతింటుంది. బయటికి వంకర లేకపోయినా ఇది సంభవించవచ్చు. ముక్కు అంతకంతకు మూసుకుపోవడం, నొప్పి పెరగడం, లోపలి గోడపై మెత్తని ఉబ్బు, జ్వరం దీని సూచనలు. డాక్టరు దీపపు వెలుగులో లోపల పరీక్షించి, ఆ రక్తాన్ని సకాలంలో తొలగిస్తే ముక్కు దక్కుతుంది.

అత్యవసర లక్షణాలు ఏవీ లేకపోతే, వాపు తగ్గిన తరువాత, అంటే మూడు నుండి ఐదు రోజులలో, ఇ.ఎన్.టి. డాక్టరుకు చూపించాలి. విరిగిన ఎముకను సాధారణంగా రెండు వారాల లోపు, పిల్లలలో ఇంకా ముందుగా సరిచేస్తారు. ఆ గడువు దాటితే ఎముక వంకరగానే అతుక్కుంటుంది.

సంకోచం వీడాలి

పరదా పాటించే మన సోదరీమణులు పురుష వైద్యునికి ముఖం చూపడానికి సందేహిస్తారు. మహిళా వైద్యురాలు అందుబాటులో ఉంటే ఆమెకే చూపించడం మేలు. లేనప్పుడు చికిత్సకు అవసరమైన మేరకు చూపించడాన్ని ధర్మవేత్తలు అనుమతించారు. ఈ విషయం తెలియక ఆ ఒకటి రెండు రోజులను పోగొట్టుకోరాదు.

మరొక చేదు వాస్తవం కూడా చెప్పక తప్పదు. కొన్ని ముక్కులు గడప తగిలి పగలవు. చేయి తగిలి పగులుతాయి. ముఖంపై కొట్టడాన్ని దైవప్రవక్త (సఅసం) స్పష్టంగా వారించారు. ఈ ఆదేశం భర్తకు, తండ్రికి వర్తించినట్లే, మద్రసాలో పాఠం చెప్పే మా వంటి ఉపాధ్యాయులకూ వర్తిస్తుంది. పరువు పేరిట గాయాన్ని దాచమని బాధితులను ఒత్తిడి చేయడం రెండవ దౌర్జన్యం. డాక్టరుకు జరిగినది జరిగినట్లు చెప్పాలి.

గాయపడినప్పుడు ఆరాధన

తలకు గాయమైన ఒక సహచరునికి స్నానం తప్పనిసరి అని తోటివారు తెలియక చెప్పారు. ఆయన స్నానం చేసి మరణించారు. ఇది విని దైవప్రవక్త (సఅసం) తీవ్రంగా బాధపడి, తెలియనప్పుడు అడిగి తెలుసుకోవలసిందని మందలించారు. అబూదావూద్‌లోని ఈ సంఘటన మనకు గుణపాఠం. నీరు హాని చేస్తుందని డాక్టరు చెబితే ముక్కులో నీరు ఎక్కించనవసరం లేదు. కట్టు ఉంటే దానిపై తడి చేతితో మసహ్ చేయవచ్చు. వంగితే రక్తం కారే ప్రమాదం ఉన్నప్పుడు కూర్చొని సైగలతో నమాజు చేయవచ్చు. వివరాలు మీ ప్రాంతపు ఆలిమ్‌ను అడగండి.

ముక్కు సరిచేయించుకోవడం అలంకార వ్యామోహమని కొందరు భావిస్తారు. హజ్రత్ అర్ఫజా బిన్ అస్అద్ (రజి) అజ్ఞానకాలంలో కులాబ్ యుద్ధంలో ముక్కు కోల్పోయారు. వెండి ముక్కు అమర్చుకోగా అది దుర్గంధం కొట్టింది. అప్పుడు బంగారు ముక్కు చేయించుకోమని దైవప్రవక్త (సఅసం) ఆయనను ఆదేశించారు. పురుషులకు నిషిద్ధమైన బంగారాన్ని సైతం అవసరం కొద్దీ అనుమతించిన ధర్మం మనది. చికిత్స పొందడం దైవంపై నమ్మకానికి విరుద్ధం కాదు; ఆయన ఇచ్చిన అమానతును కాపాడుకోవడమే.

అల్లాహ్ మనందరినీ ఆపదల నుండి కాపాడుగాక! గాయపడిన వారికి సంపూర్ణ స్వస్థత ప్రసాదించుగాక! ఆమీన్.